జాడీలో సముద్రం

పూత అనే మాటకు మా గుంటూరు వైపు రెండు అర్థాలు. ఒకటి మిరప చేలో, పత్తి చేలో వచ్చేది. రెండోది గోడకో గిన్నెకో పూసేది. మా డైరెక్టరు తన జీవితంలో సగం మొదటి పూత మీద బతికాడు, మిగతా సగం రెండో పూత మీద బతుకుతున్నాడు. మొదట పురుగుమందుల షాపు పెట్టి, పూత రాలకుండా నిలబెడుతుందని చెప్పి ఏదో రంగునీళ్ళ మందు అమ్మాడు. పూత నిలిస్తే మందు గొప్పదనం. రాలితే రైతు తప్పు: తడి ఎక్కువ పెట్టి ఉంటాడు, లేదా మిట్టమధ్యాహ్నం కొట్టి ఉంటాడు. ఆ వ్యాపారం పలచబడ్డాక మంగళగిరిలో ఒక చీరల కొట్టు పైన అంతస్తు అద్దెకు తీసుకుని, సోలార్ ప్యానెళ్ళ గాజు మీద కొట్టే నానో పూత అమ్మడం మొదలుపెట్టాడు. సరుకు మారింది గానీ నోరు మారలేదు.

ఆ మనిషి దగ్గర నేను చాలా ఏళ్ళు పనిచేశాను. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివి, ట్యుటోరియల్ కాలేజీల్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని, చివరికి అతని పంచన చేరాను. నన్ను ‘మేష్టారూ’ అని పిలిచేవాడు. అందులో గౌరవం ఎంతో, వెక్కిరింత ఎంతో నాకు తెలుసు. అయినా పిలిచినప్పుడల్లా లేచి నిలబడేవాణ్ణి. అతన్ని నేను ఎంత తీసిపారేసి మాట్లాడినా, ఈ సంగతి చెప్పకుండా మాట్లాడితే అన్యాయం అవుతుంది.

ఆ పూత మందు డ్రమ్ముల్లో వచ్చేది. ఎక్కడి నుంచి వచ్చేదో డైరెక్టరు ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మేము చేసేదల్లా దాన్ని చిన్న సీసాల్లో నింపి, మా కంపెనీ కాగితం అతికించడమే. ఆ కాగితం మీద నా డిగ్రీ కూడా అచ్చువేయించాడు. చూడటానికి మంచినీళ్ళలా ఉండేది. మూత తీస్తే చెప్పులు కుట్టేచోట వాడే జిగురు వాసన. గాజు మీద కొట్టి, మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్ది, ఆరనిస్తే అయిపోయినట్టే. దుమ్ము పట్టదు, నీళ్ళు నిలవవు, వెలుతురు బాగా లోపలికి పోతుంది, కరెంటు బాగా వస్తుంది. ఇది మేము చెప్పే పాఠం.

పాఠం కంటే ప్రదర్శనే ముఖ్యం. ఒక ప్యానెల్‌కి సగం మాత్రమే పూత పూసి తీసుకెళ్ళేవాణ్ణి. దాని మీద చెంబుడు నీళ్ళు పోస్తే, పూత లేని వైపు నీళ్ళు పరుచుకుని మరకలు కట్టేవి. పూత ఉన్న వైపు తామరాకు మీద లాగా బొట్లు బొట్లుగా జారిపోయేవి. చూస్తున్నవాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. పెద్ద పెద్ద కోల్డ్ స్టోరేజీల యజమానులు, రోజుకి ఎన్ని లారీల మిరపకాయలు దిగుతున్నాయో నిద్రలో కూడా చెప్పగలిగే మనుషులు, నీళ్ళు జారితే కరెంటు ఎందుకు పెరగాలి అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. ఒకాయన మాత్రం పూత ఈశాన్యం మూల నుంచి మొదలుపెట్టమన్నాడు. కనిగిరి దగ్గర ఒక కాలేజీ యజమాని, ఆడపిల్లల హాస్టలు మీద ప్యానెళ్ళకి ముందు కొట్టండి, అక్కడ గీజర్లున్నాయి అన్నాడు. గీజర్లకి వేరే ప్యానెళ్ళుంటాయా అని నేను అడగలేదు. అలాగేనండి అన్నాను. ఒక రైతు, ‘నానో అంటున్నారు, ఎంతసేపు నానాలండీ?’ అని అడిగితే ఆఫీసులో వారం రోజులు చెప్పుకుని నవ్వుకున్నాం.

మెట్ట ప్రాంతంలో ఆ మందు పనిచేసినట్టే కనిపించేది. గుంటూరు చుట్టుపక్కల ప్యానెళ్ళ మీద పడేది మిరప ధూళి, పత్తి మిల్లుల నుంచి ఎగిరే నూగు. పొడి దుమ్ము. పూత ఉన్నా లేకపోయినా నాలుగు చినుకులు పడితే పోతుంది. పోయినప్పుడల్లా అది మా గొప్పే అనుకున్నారు జనం. మేము కాదనలేదు. నేను కప్పుల మీద తుమ్ముకుంటూ, మండే కళ్ళతో తిరిగి, సంతృప్తికరం అని రాసి సంతకం పెట్టేవాణ్ణి.

చీరాల ఇవతల, సముద్రానికి బాగా దగ్గరగా ఉన్న ఒక పేట నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. అక్కడి క్రైస్తవ మిషనరీ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. చర్చి పక్కన సంఘం వాళ్ళు ఒక చిన్న షెడ్డు కట్టి, అందులో బోరు నీళ్ళని మంచినీళ్ళుగా మార్చే మిషను పెట్టుకున్నారు. అది నడిచేది షెడ్డు మీద ఉన్న సోలార్ ప్యానెళ్ళతో. ఆ షెడ్డు తాళం ఆవిడ దగ్గరుంటుంది. పేటలో ఏ బావిలో తోడినా ఉప్పునీళ్ళే కాబట్టి, తాగడానికీ కూర వండుకోవడానికీ అందరికీ ఆ షెడ్డే దిక్కు. మిషను ఆగిన రోజున మెయిన్ రోడ్డు దాకా నడిచి ట్యాంకరు కోసం కాపు కాయాలి.

వెళ్ళి చూశాను. ఆవిడ చెప్పిన ఇబ్బంది విన్నాక నాకు నవ్వొచ్చింది. సముద్రపు గాలికి ప్యానెళ్ళ మీద రెండు మూడు రోజులకే తెల్లటి పొర పడుతుంది. బోరు నీళ్ళతో కడిగితే ఆ నీళ్ళలో ఉప్పు కూడా చేరి ఇంకో పొర కడుతుంది. మంచినీళ్ళతో కడగాలి. అంటే ఆ ప్యానెళ్ళు తయారుచేసిన నీళ్ళు ఆ ప్యానెళ్ళకే పొయ్యాలి. ఆవిడ తెల్లారగానే నిచ్చెన వేసుకుని, క్యాను మోసుకుని ఎక్కి, తానే కడిగేది. డెబ్బైకి దగ్గరగా ఉన్న మనిషి.

‘నా మోకాళ్ళ సంగతి వదిలెయ్యండి బాబూ. తాగే నీళ్ళు కప్పు మీద పోస్తుంటే కింద పిల్లల తల్లులు చూస్తుంటారు. నోరు తెరిచి ఏమీ అనరు గానీ, చూస్తుంటారు’ అంది.

నేను నా సగం ప్యానెల్ తీసి నీళ్ళు పోసి చూపించాను. ఆవిడ నోరు తెరవలేదు. కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా వంగి చూసి, ‘బాగానే ఉంది. ఇది సముద్రపు గాలికి నిలుస్తుందా?’ అని ఒకే ఒక్క మాట అడిగింది.

అన్నేళ్ళలో అడగాల్సిన ప్రశ్న అడిగిన మనిషి ఆవిడొక్కతే. నాకు ఒళ్ళు మండింది. పరీక్ష చేసి చెప్తానండి అన్నాను.

మంగళగిరి వచ్చి డైరెక్టరుకి చెప్పాను. అతను ఫోన్ చూసుకుంటూనే, ‘చెయ్యండి మేష్టారూ పరీక్ష. ఉప్పే కదా. పావు కిలో ఉప్పు తెచ్చి కలపండి’ అన్నాడు. పెద్ద పెద్ద చోట్ల ఉప్పు పొగమంచు పట్టించి చూసే యంత్రాలుంటాయని నాకు తెలుసు. పుస్తకాల్లో చదివాను. అక్కడికి పంపిద్దామని అననైనా అనలేదు. అతను వద్దంటాడని ముందే నాకు నేనే వద్దనుకున్నాను.

పైగా నాకో తెలివైన ఆలోచన వచ్చింది. సముద్రంలో ఉప్పు ఎంత? మా ఇంట్లో ఆవకాయలో ఉప్పు ఎంత? ఆవకాయ ఉప్పుకి తట్టుకున్నది సముద్రానికి తట్టుకోదా? మా అమ్మ వాడిన పాత జాడీ అటక మీద నుంచి దింపి, కిరాణా కొట్టు ఉప్పు ప్యాకెట్లు కరిగినంత కరిగించి, పూత పూసిన గాజు ముక్కని అందులో ముంచి, మూత పెట్టి, గుడ్డ కట్టి వంటింటి మూల పెట్టాను. ఎమ్మెస్సీ చదివిన మనిషిని. మా ఆవిడ రోజూ కాఫీ ఇచ్చేటప్పుడు, ‘ముక్క ఊరిందా?’ అని అడిగేది. నాకు చదువు గురించి ఆవిడతో చర్చించడం ఇష్టం లేక ఊరుకునేవాణ్ణి.

నెల తర్వాత తీసి కడిగి నీళ్ళు పోశాను. బొట్లు బొట్లుగా జారాయి. పూత చెక్కుచెదరలేదు. ఆ ముక్కని గుడ్డలో చుట్టుకుని పసిపిల్లని తీసుకెళ్ళినట్టు ఆఫీసుకి తీసుకెళ్ళాను. డైరెక్టరు వెంటనే కొత్త కరపత్రం అచ్చువేయించాడు. ఏ దేశానిదో తెలియని నీలం సముద్రం బొమ్మ, దాని మీద ‘సముద్రపు గాలికి పరీక్షించి నిరూపించబడినది’ అని. కింద చీమ తలకాయంత అక్షరాల్లో, ఉప్పునీటితో కడిగినచో కంపెనీకి బాధ్యత లేదు అని. సముద్రానికి తట్టుకునే సరుకు ఉప్పునీళ్ళకి ఎందుకు తట్టుకోదో చదివినవాళ్ళెవరూ అడగలేదు. రాసినవాణ్ణి నేనే, నన్ను నేను కూడా అడగలేదు.

పూత వేసిన రోజు ఆ పేటలో పండగలా చేశారు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. నా చేతుల్ని దీవించమని అడిగారు. అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను మాత్రం కళ్ళు తెరుచుకుని వాళ్ళని చూస్తూ నిలబడ్డాను. ఇంత సులువుగా నమ్మే మనుషుల్ని చూస్తే నాకు అప్పట్లో జాలి కూడా వేసేది కాదు, చిరాకు వేసేది. టీచరు గారు ముందురోజే మంచినీళ్ళతో ప్యానెళ్ళు కడిగి, పాత నూలు చీర చింపి తుడిచి ఉంచింది. పని అయ్యాక నిచ్చెన పక్కన నిలబడి అందరితో, ‘ఇక మన తాగే నీళ్ళు కప్పు మీద పొయ్యక్కర్లేదు. ఈ బాబు పరీక్ష చేసి తెచ్చాడు. దీనికి నాది పూచీ’ అంది.

బడిలో పాఠం చెప్పినట్టు, గట్టిగా, చివరి వరసకి వినపడేలా చెప్పింది. అక్కడున్నవాళ్ళలో సగం మందికి ఆవిడ ఓనమాలు దిద్దించింది. ఆవిడ పూచీ అంటే వాళ్ళకి ఇక రెండో మాట లేదు. నేను సీసాలు సర్దుకుని చీరాలలో మూడు గంటల రైలు ఎక్కాను.

వర్షాకాలం అంతా బాగానే ఉంది. ఆవిడ ఫోన్ చేసి మరీ చెప్పింది. చలికాలంలో ఒకసారి, ప్యానెళ్ళు కొంచెం మసకగా కనిపిస్తున్నాయి అంది. మంచు పడుతోంది కదండీ, అదే అన్నాను. ఎండలు ముదిరే వేళకి మళ్ళీ ఫోన్. మిషను మధ్యాహ్నానికే ఆగిపోతోంది, కడిగినా పోవడం లేదు, ఒకసారి వచ్చి చూడమంది. డైరెక్టరు చూసి రమ్మన్నాడు. చూసి రమ్మన్నప్పుడు అతని ఉద్దేశం ఏమిటో నాకు తెలుసు.

ఎక్కి చూశాను. నా పూత మొత్తం మచ్చలు మచ్చలుగా లేచింది. ఎండకి వీపు తోలు ఊడినట్టు కొన్నిచోట్ల పొరలు లేస్తున్నాయి. ఊడని చోట పాలు ఒలికి ఆరినట్టు తెల్లగా ఉంది. వేలితో రుద్దితే పోలేదు, నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంది. పూత లేని రోజుల్లో మంచినీళ్ళు పోస్తే గాజు గాజులా అయ్యేది. ఇప్పుడు ఆ తెలుపు పూత లోపలే ఉంది. ఎన్ని నీళ్ళు పోసినా పోదు. అంటే మేము వాళ్ళకి మేలు చెయ్యకపోవడమే కాదు, ఉన్నదాన్ని చెడగొట్టాం.

కిందికి దిగేసరికి ఆవిడ షెడ్డు నీడలో పీట వేసుకుని కూర్చుని, గిన్నెలో మజ్జిగలో ఉన్న మిరపకాయల్ని ఒక్కొక్కటే తీసి చాప మీద పరుస్తోంది. ఊరమిరపకాయలు. నాకు మంచినీళ్ళు ఇచ్చి, మెల్లిగా అడిగింది.

‘పరీక్ష ఎట్లా చేశారు బాబూ?’

నేను దాచలేదు. దాచాల్సిన విషయమని కూడా నాకు అప్పటికి తట్టలేదు. కాస్త గొప్పగానే చెప్పాను. జాడీ, సముద్రం కంటే గాఢమైన ఉప్పునీళ్ళు, నెల రోజులు, మూత, గుడ్డ.

ఆవిడ చేతిలో మిరపకాయ చేతిలోనే ఉంది. ‘అది ఆవకాయ కదండీ’ అంది.

నాకు అర్థం కాలేదు.

‘మీది మిరప దేశం కదా. మీ అమ్మగారు ఊరమిరపకాయలు పెట్టలేదా? జాడీలో మునిగిందానికి ఏమవుతుంది? అట్లాగే ఉంటుంది. ఇది చూడండి. కాయకి చిన్న గాటు పెడతాం. రాత్రంతా ఉప్పు మజ్జిగలో ఉంటుంది, పొద్దున తీసి ఎండలో పోస్తాం. సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో. నాలుగు రోజులు అట్లా తిప్పితే ఉప్పు లోపలికి పోయి గింజని కూడా పట్టుకుంటుంది. కాయ తెల్లబడి పెళుసుగా విరుగుతుంది. ఇక్కడ గాలి చేసేదీ అదే బాబూ. రాత్రికి చెమ్మ, పగలు ఎండ. మా కిటికీ ఊచలు, మా గొళ్ళేలు, అన్నీ అట్లాగే పోతాయి. మీరు దాన్ని ఎండలో పెట్టలేదా?’

పెట్టలేదు. మా అమ్మ ప్రతి వేసవిలో డాబా మీద పది రోజులు ఆ పనే చేసేది. కాకులు రాకుండా నన్ను కాపలా పెట్టేది. రాత్రి ముంచడం, పగలు ఎండబెట్టడం నేను నా చేతులతో చేశాను. ఆ పూతలో కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయని నాకు తెలుసు. రాత్రి మంచుకి ఉప్పు కరిగి వాటిలోకి పోతుంది, పగలు ఎండకి అక్కడే గడ్డకట్టి రంధ్రాన్ని లోపలి నుంచి పగలగొడుతుంది, మళ్ళీ రాత్రి, మళ్ళీ పగలు. ఇదంతా ట్యుటోరియల్లో పిల్లలకి బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన మనిషిని. గుంటూరు జిల్లాలో పుట్టి, ఆవకాయకీ ఊరమిరపకాయకీ తేడా తెలియకుండా ఒక పేట తాగే నీళ్ళ మీద సంతకం పెట్టాను.

అక్కడే ఆవిడతో, మీరు చెప్పింది నిజం, పరీక్ష తప్పు అని ఉంటే సరిపోయేది. అనలేదు. కొంచెం బయటికి వెళ్ళి డైరెక్టరుకి ఫోన్ చేశాను.

‘పూత మొత్తం లేచిపోయిందండీ’ అన్నాను.

‘లేవదు మేష్టారూ. మీరేగా పరీక్ష చేసింది. వాళ్ళేదో చేసి ఉంటారు. ఉప్పునీళ్ళతో కడిగారేమో అడగండి. అడిగి, కాగితం మీద రాయించుకుని రండి’ అన్నాడు.

తడి ఎక్కువ పెట్టి ఉంటాడు, మిట్టమధ్యాహ్నం కొట్టి ఉంటాడు. అదే నోరు. అసహ్యం వేసింది. ఆ అసహ్యంతోనే లోపలికి వచ్చి, అతను అడగమన్న మాటే అడిగాను.

‘టీచర్ గారూ, ఎప్పుడైనా బోరు నీళ్ళతో కడిగారా?’

లేదు అని ఉండొచ్చు. ఆవిడ ఏ నీళ్ళతో కడిగిందో ఎవరూ గమనించి ఉండరు. చూసినా ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, ఆలోచించి, ‘ఒక్కసారి’ అంది. ‘క్రిస్మస్ ముందురోజు. అందరూ చుట్టాలతో ఉన్నారు, క్యాన్లన్నీ అయిపోయాయి. ప్యానెళ్ళని కాకులు పాడుచేశాయి. ఒక్క బకెట్టు బోరు నీళ్ళు పోసి, వెంటనే గుడ్డ పెట్టి తుడిచాను. ఒక్కసారే బాబూ.’

నేను సంచిలోంచి కాగితం తీసి రాశాను. మా ప్యానెళ్ళను ఉప్పునీటితో శుభ్రపరచినట్లు అంగీకరిస్తున్నాము. ‘ఒక్కసారి’ అనే మాట రాయలేదు. కాకుల సంగతి రాయలేదు. క్రిస్మస్ సంగతి రాయలేదు. ఆవిడకిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివింది. నేను కంగారులో ‘శుబ్ర’ అని రాశాను కాబోలు, నా చేతిలో పెన్ను తీసుకుని బ కొట్టేసి భ రాసింది. అలవాటు. ‘ఒక్కసారేనని రాయలేదే’ అంది.

‘అది నేను నోటితో చెప్తానండి మా వాళ్ళకి’ అన్నాను.

నమ్మి సంతకం పెట్టింది. గుండ్రటి అక్షరాలు, బడి పుస్తకంలో ఉన్నట్టే.

ఉప్పునీళ్ళతో కడిగారు కాబట్టి మాకు బాధ్యత లేదని ఆ పేటకి ఒక ఉత్తరం రాసి కంపెనీ చేతులు దులుపుకుంది. డైరెక్టరు ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టించి, నా భుజం తట్టి, నాకు క్వాలిటీ హెడ్ అని కొత్త హోదా ఇచ్చాడు. తలుపు మీద పేరు బోర్డు కూడా పెట్టించాడు. ఆ బోర్డు చూసి మా ఆవిడ తరపు వాళ్ళు మెచ్చుకున్నారు. నేను కూడా వద్దనలేదు. డైరెక్టరుని తిట్టుకుంటూ, అతను ఇచ్చిన కుర్చీలో కూర్చుని, అదే మందు సీసాల్లో నింపించాను. ఒక్క మార్పు చేశాను. కరపత్రంలో చీమ తలకాయంత అక్షరాల్ని కందిగింజంత చేయించాను. దానికి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఏడాది తర్వాత చీరాలలో ఒక మరమగ్గాల షెడ్డు వాళ్ళు పిలిస్తే వెళ్ళాను. పని తొందరగా అయిపోయింది. రైలుకి చాలా టైముంది. ఎందుకు వెళ్ళానో నాకే సరిగ్గా తెలియదు గానీ ఆటో ఎక్కి ఆ పేటకి వెళ్ళాను. చూసి రావాలనిపించింది అని చెప్తే అది మంచితనం అవుతుంది. నాకు అంత మంచితనం లేదు. ఆవిడ మరిచిపోయి ఉంటే బాగుండునని వెళ్ళాను.

మెయిన్ రోడ్డు దగ్గరే కనిపించింది. ట్యాంకరు వెళ్ళిపోయినట్టుంది, జనం చెదిరిపోతున్నారు. ఆవిడ ఒక క్యానుని చంకన ఎత్తుకుని, నాలుగడుగులు వేసి దించి, మళ్ళీ ఎత్తుకుని నడుస్తోంది. నేను ఆటోని వెనకే రమ్మని, దిగి అందుకోబోతే, ‘వద్దు బాబూ, మీ చొక్కా తడుస్తుంది’ అంది. నేను లాక్కున్నాను. ఆ ఒక్క పనీ చేశాను.

దారిలో తనే చెప్పింది. మిషను ఇప్పుడు ఎండ బాగా ఉన్న రోజున రెండు మూడు గంటలు నడుస్తుంది, పసిపిల్లలున్న ఇళ్ళకి ముందు ఇస్తారు, మిగతా వాళ్ళు రోడ్డుకి రావాల్సిందే. తాళం ఇప్పుడు ఆవిడ దగ్గర లేదు. కంపెనీ నుంచి ఉత్తరం వచ్చిన తర్వాతి ఆదివారం, ఆరాధనలో లేచి నిలబడి, తప్పు నాది, ఉప్పునీళ్ళు పోసి పూత పాడుచేసింది నేనే అని అందరి ముందూ చెప్పి తాళం బల్ల మీద పెట్టేసిందట. ఎవరూ ఏమీ అనలేదట. ‘అని ఉంటే బాగుండేది’ అంది.

ఇంటికి చేరాక క్యాను లోపల పెట్టి, అరుగు మీద కూర్చోబెట్టింది. తను కింద మెట్టు మీద కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుంది. తర్వాత అడిగింది.

‘మీరు చదువుకున్నవారు, నిజం చెప్పండి. ఆ ఒక్క బకెట్టు నేను పొయ్యకపోతే, ఆ పూత నిలిచేదా?’

ఏడాదిగా ఆవిడ దీన్నే మోస్తోందని నాకు అప్పుడు తెలిసింది. పేట మొత్తం తాగే నీళ్ళని ఒక బకెట్టుతో తానే చెడగొట్టానని నమ్మి, ప్రతి ఇంటి ముందు నుంచీ తల దించుకుని నడుస్తోంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు వేసింది. నోరు తెరిచాను.

‘నిలిచేది కాదమ్మా. మీరు పోసినా పొయ్యకపోయినా అది నిలిచేది కాదు. నా పరీక్షే తప్పు. ఆ సంగతి మీరు ఊరమిరపకాయల మాట చెప్పినప్పుడే నాకు తెలిసింది. తెలిసే ఆ కాగితం రాశాను.’

చెప్పేశాక గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. నా మీద నాకు కాస్త గౌరవం కూడా కలిగింది. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనీ, క్షమించానంటుందనీ, వాళ్ళ పద్ధతిలో ఏదో బైబిలు వాక్యం చెప్పి దీవిస్తుందనీ అనుకున్నాను. దానికి తగ్గట్టు తల కూడా వంచాను.

ఆవిడ అవేవీ చెయ్యలేదు. బడిలో తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు తిన్నగా నా మొహంలోకి చూసింది.

‘ఆ మాట నాకు చెప్తే ఏం లాభం బాబూ? నేను నలుగురిలో నిలబడి చెప్పాను. మీరు కూడా ఆదివారం రండి. పాస్టరు గారు రెండు నిమిషాలు ఇస్తారు. ఇప్పుడు నాకు చెప్పిందే అక్కడ చెప్పండి, చాలు. నేను కూడా అక్కడే ఉంటాను, భయపడకండి.’

ఆటో హారన్ కొట్టింది. నేను లేచి చెప్పులు తొడుక్కున్నాను.

‘ఆదివారం నాకు పని ఉందమ్మా’ అన్నాను.

ఏ పనీ లేదు.